దారిలోనే ఇంకిపోతున్న ప్రకటన సొమ్ము

స్థానిక పత్రికకు ప్రకటనల రాబడి పడిపోయిందంటే, పాఠకులు మొహం చాటేశారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం కూడా కాదు. కాగితం మీద చదివినవారిలో చాలామంది అదే వార్తను ఇప్పుడు ఫోన్‌లో చదువుతున్నారు. సరుకు అమ్ముకునేవారూ ప్రచారానికి ఖర్చు మానుకోలేదు. ఆ ఇద్దరి మధ్య దళారుల వరుస పెరిగింది, అంతే. ఆ వరుసను కుదించడం ప్రభుత్వాలు, కోర్టులు మాత్రమే చేయగల పని కాదు. ప్రచురణకర్తలు, చిన్న ప్రకటనకర్తలు ఈ వారమే మొదలుపెట్టదగినది అందులో చాలా ఉందని మేము నమ్ముతున్నాం.

వెబ్‌లో తొలి బ్యానర్లు 1994 అక్టోబర్ 27న హాట్‌వైర్డ్ సైట్‌లో కనిపించాయి. 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు. అప్పటికి ప్రకటన ఇంకా పేజీకి కట్టుబడే ఉంది. పేజీ ఎవరిదో చూసి కొనేవారు. అదే ఏడాది నెట్‌స్కేప్ బ్రౌజర్‌తో వచ్చిన కుకీ (సైట్ మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) చూసేవారిని గుర్తుపెట్టుకునే వీలు కల్పించింది. క్రమంగా పేజీని కొనడం పోయి మనిషిని కొనడం వచ్చింది. స్థానిక పత్రికకు అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. పొద్దున మన వార్త చదివిన పాఠకుడినే మధ్యాహ్నం ఏదో చెత్త సైట్‌లో పట్టుకుని, పదో వంతు ధరకు అదే ప్రకటన చూపించగలిగితే, మన పేజీలో చోటు కొనేదెవరు? ఉద్యోగాలు, అద్దె ఇళ్ల క్లాసిఫైడ్స్ ఉచిత సైట్లకు తరలిపోవడం కళ్లకు కనిపించిన నష్టం. ఇది కనిపించని నష్టం.

పాఠకుడు వార్త మీద వేలు పెట్టగానే పేజీలో ఖాళీగా ఉన్న ప్రకటన స్థలం నుంచి ఒక కబురు వెళుతుంది. ఏ సైట్, ఏ ఫోన్, సుమారుగా ఏ ప్రాంతం, చూసే మనిషి గురించి తెలిసిన గుర్తులు, అన్నీ అందులో ఉంటాయి. అది ప్రచురణకర్త వాడే యాడ్ సర్వర్‌కు (ఏ చోట ఏ ప్రకటన వేయాలో తేల్చే సాఫ్ట్‌వేర్), అక్కడి నుంచి ప్రచురణకర్త తరఫున చోటు అమ్మిపెట్టే అమ్మకం వైపు వేదికకు, వేలం జరిగే ఎక్స్ఛేంజ్‌కు, ప్రకటనకర్తల తరఫున పాట పాడే కొనుగోలు వైపు వేదికలకు చేరుతుంది. వేలం పాటకు దొరికే గడువు సుమారు 100 మిల్లీసెకన్లు. హెచ్చు పాట పాడినవారి బొమ్మ పేజీలో దిగుతుంది. ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు తమ వాటా తీసుకుంటారు.

ఎంత తీసుకుంటున్నారో తేల్చాలని బ్రిటన్ ప్రకటనకర్తల సంఘం ఐఎస్‌బీఏ, ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీతో అధ్యయనం చేయించింది. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం ఖర్చులో ప్రచురణకర్తకు చేరింది 51 శాతం. 15 శాతం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. 2023లో రెండోసారి లెక్కగట్టేసరికి ప్రచురణకర్త వాటా 65 శాతానికి పెరిగింది, లెక్క తేలనిది 3 శాతానికి తగ్గింది. లెక్క అడిగేవాళ్లు ఉంటే చిల్లు పూడుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అమెరికాలో జాతీయ ప్రకటనకర్తల సంఘం ఏఎన్ఏ అదే 2023లో జరిపిన పరిశీలనలో ఒక్కో ప్రచారం సగటున 44,000 వెబ్‌సైట్లలో తిరిగిందని, ఖర్చులో 15 శాతం కేవలం ప్రకటనల కోసమే పుట్టించిన సైట్లకు పోయిందని తేలింది. అన్ని వేల సైట్ల జాబితాను ఏ ప్రకటనకర్త చదువుతాడు? చదవకపోవడం మీదే ఆ వ్యాపారమంతా నడుస్తోంది.

ప్రచురణకర్తల యాడ్ సర్వర్ల మార్కెట్‌లోనూ, ఎక్స్ఛేంజ్ మార్కెట్‌లోనూ గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం చలాయించిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ 295 కోట్ల యూరోల జరిమానా వేసింది. మంచిదే. కానీ అలాంటి తీర్పుల ఫలం చిన్న పత్రిక దాకా రావడానికి ఏళ్లు పడుతుంది.

వార్త రాసేవారికి మరింత బాధ కలిగించేది నిషేధ పదాల జాబితా. హత్య, మరణం, దాడి వంటి మాటలున్న పేజీలో తమ ప్రకటన రాకూడదని పెద్ద బ్రాండ్లు ముందే గీత గీస్తాయి. 2020లో ఆ జాబితాల్లోకి ‘కరోనావైరస్’ చేరింది. జనం ప్రాణభయంతో వార్తలు వెతికి చదివిన రోజుల్లో ఆ వార్తలకే ప్రకటనలు ఆగిపోయాయి. బౌలింగ్ దాడి గురించి రాసిన క్రికెట్ వార్తకూ యంత్రం అదే శిక్ష వేయగలదు. ప్రకటనకర్తలు ఆ జాబితాలను మూడు నెలలకోసారైనా తిరగదోడాలి. పదాన్ని కాకుండా సైట్‌ను చూసి నిర్ణయించుకోవాలి.

చిన్న దుకాణదారులు గూగుల్ యాడ్స్‌లో డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. క్యాంపెయిన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ కింద ‘ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్’ అనే ఎంపిక ముందే పెట్టి ఉంటుంది. అంటే ఆ ఊళ్లో ఉన్నవారికే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపిన ఎక్కడెక్కడివారికో కూడా ప్రకటన వెళుతుంది. దాన్ని ‘ప్రెజెన్స్’కు మార్చాలి. సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్ (గూగుల్ ప్రకటనలు చూపే ఇతర సైట్లు, యాప్‌లు) ముందు టిక్ ఉందేమో చూసి, ఉంటే తీసేయాలి. వారానికోసారి, జనం ఏం వెతికితే ప్రకటన కనిపించిందో చెప్పే సెర్చ్ టర్మ్స్ నివేదిక తెరిచి, తమ సరుకుతో సంబంధం లేని మాటలను నెగటివ్ కీవర్డ్స్‌లో (ప్రకటన రాకుండా ఆపే మాటల జాబితాలో) చేర్చాలి. పావుగంట పని.

ప్రచురణకర్తలు చూసుకోవాల్సింది యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్. మన స్థలాన్ని అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే ఈ ఫైల్‌ను ఆన్‌లైన్ ప్రకటనల సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఐఏబీ టెక్ ల్యాబ్ 2017లో తెచ్చింది. సైట్ మూల చిరునామాలో ఉంటుంది. ఒక్కో పంక్తిలో ప్రకటన వ్యవస్థ డొమైన్, మన ఖాతా సంఖ్య, ‘డైరెక్ట్’ లేదా ‘రీసెల్లర్’ అనే మాట, ఉంటే ధ్రువీకరణ సంఖ్య. ఎప్పుడో వదిలేసిన సంస్థల పంక్తులు అలాగే మిగిలిపోవడం, ఎవరో పంపిన రీసెల్లర్ల జాబితాను చదవకుండా అతికించడం మామూలుగా జరిగే తప్పులు. పంక్తి పెరిగినకొద్దీ దళారి పెరుగుతాడు. ఒప్పందం చూపించలేని ప్రతి పంక్తినీ తీసేయాలి. ప్రకటన స్థలానికి ఎత్తు ముందే కేటాయించడం కూడా ముఖ్యం. లేకపోతే బొమ్మ ఆలస్యంగా దిగి, చదువుతున్న వాక్యం కిందికి జారిపోతుంది, పాఠకుడు విసిగి వెళ్లిపోతాడు. ఈ కుదుపును కొలిచే సీఎల్ఎస్ 0.1 దాటకుండా చూసుకోవాలి.

పాఠకుడి దగ్గరకు సొంత దారి లేకపోతే ఇదంతా చేసినా నిలవదు. కెనడాలో వార్తలకు పెద్ద వేదికలు ప్రచురణకర్తలకు డబ్బు చెల్లించాలనే ఆన్‌లైన్ వార్తల చట్టం మీద తగాదాతో 2023 ఆగస్టులో మెటా అక్కడి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులు ఆపేసింది. అదే నెలలో కార్చిచ్చు ముంచుకొచ్చి ఎల్లోనైఫ్ నగరం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏ రహదారి తెరిచి ఉందో చెప్పే స్థానిక వార్తను పొరుగువారితో పంచుకోబోతే లింకు కదల్లేదు. చట్టం తప్పా, కంపెనీ తప్పా అన్న వాదన ఎలా తేలినా, అద్దె దారి మీద ఆధారపడిన పత్రిక ఆపద వేళ ఊరికి అక్కరకు రాదు.

అందుకే ఈమెయిల్ జాబితా కట్టుకోవాలని గట్టిగా చెబుతున్నాం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు కఠినమయ్యాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మించి పంపేవారికి మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే అమరికలు మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి బయటపడే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి లోపే ఉండాలి. ఆరు నెలలుగా తెరవని చిరునామాలను పట్టుకు వేలాడితే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ జాబితాకు పంపే వార్తాలేఖలోనూ, స్థానిక వార్తల పేజీలోనూ చోటును వేలానికి వదలకుండా వారానికో, నెలకో స్థిర ధరకు నేరుగా అమ్మాలి. ఎవరినీ వెంటాడక్కర్లేదు, పేజీలో ఏముందో చూసి ప్రకటన పెడితే చాలు. ‘చూశారు’ అని లెక్క రాయాలంటే ప్రకటనలో కనీసం సగం పిక్సెళ్లు ఒక సెకను పాటు తెర మీద ఉండాలన్నది పరిశ్రమ ఒప్పుకున్న కొలత. నెలాఖరున ప్రకటనకర్తకు ఆ కొలతతోనే, ఏ పేజీలో ఎన్నిసార్లు కనిపించిందో రాసిచ్చి, ఒప్పుకున్న సంఖ్యకు తగ్గితే మిగిలినవి పైసా తీసుకోకుండా వచ్చే నెలలో వేయాలి.