గుండె వీక్ అన్నారని అమ్మను మంచాన పడేయకండి

నెల రోజులుగా మా దేవరకొండ వైపు ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "గుండె వీక్ అని తేలిన పెద్దవాళ్ళు మంచం దిగొద్దు. నడక మందగించడం వయసుతో వచ్చేదే. సన్నబడితే గుండెకు భారం తగ్గుతుంది. గంజి, పాలు చాలు. నీరసంగా ఉంటే మాత్రలు ఆపేయండి." ఇందులో సగం మేమూ నమ్మి మా అత్తమ్మ మీద ప్రయోగించాం. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట మంచం సంగతి. నిరుడు ఎకో (గుండె స్కాన్) తీస్తే అత్తమ్మకు గుండె పంపింగ్ కొంచెం తగ్గిందన్నారు. పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లే మనిషి. చేతిలో చీపురు లాగేసుకున్నాం. మూడు నెలలు తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, అప్పుడు లేచేది. గాజులు మోచేతి దాకా జారుతుంటే "వయసు మీద పడ్డది గదా" అనుకున్నాం. అది వయసు పని కాదు, మేం చేసిన పని. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచంలో ఉంచి చూస్తే, కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. గుండె జబ్బు లేనివాళ్ళకే అంత పోయింది!

2021లో వచ్చిన రిహాబ్-హెచ్‌ఎఫ్ అనే ట్రయల్ గుండె వైఫల్యంతో (ఒంటికి సరిపడా రక్తాన్ని గుండె పంప్ చేయలేకపోవడం) ఆస్పత్రిలో చేరిన 60 దాటిన 349 మందితో జరిగింది. వాళ్ళలో నూటికి 97 మందికి సత్తువ తగ్గిన లక్షణాలున్నాయి. సగం మందికి నిలకడ, కాళ్ళ బలం, నడక మీద వ్యాయామం చేయించారు. మూడు నెలలకు వాళ్ళ నడక, లేచి కూర్చునే శక్తి రెండోవాళ్ళ కంటే బాగుపడ్డాయి. మళ్ళీ ఆస్పత్రిలో చేరడాలు మాత్రం తగ్గినట్టు తేలలేదు, అదీ చెప్పాలి. పడుకుంటే ఊపిరి ఆడకపోతే, ఆయాసం ఒక్కసారిగా పెరిగితే వ్యాయామం వద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

"వయసుతో వచ్చేదే" అన్నది రెండో మాట. ఒంట్లో సత్తువ తగ్గి తేలిగ్గా దెబ్బతినే స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు, దానికి ఐదు గుర్తులు చూస్తారు: కావాలనుకోకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం. మూడు ఉంటే ఫ్రెయిల్ అంటారు. గుండె వైఫల్యానికి ఇది తోడైతే ఆస్పత్రిపాలు కావడం, మరణం రెండింటి ముప్పూ పెరుగుతుంది. ఇంట్లోనే నాలుగు మీటర్లు కొలిచి మామూలుగా నడవమనండి. ఐదు సెకన్ల కంటే ఎక్కువ పడితే డాక్టర్‌తో చెప్పండి. మన దగ్గర ఇంకో చిక్కుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు బిగుసుకున్న పెద్దవాళ్ళున్నారు. వాళ్ళ నడక నెమ్మదించడానికి అదీ కారణం కావచ్చు. ఒక్క నడక చూసి తేల్చొద్దు, తక్కిన గుర్తులూ చూడాలి.

సన్నబడితే మంచిదన్నది పచ్చి తప్పు. కావాలని తగ్గించుకోకుండా తగ్గితే చాలాసార్లు కండే కరిగిపోతుంది. పైగా తూకం మోసం చేస్తుంది: కండ తగ్గుతూ ఒంట్లో నీరు చేరితే ముల్లు కదలదు. పాదాలు నొక్కి గుంట పడుతోందేమో చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే అనుకుని డాక్టర్‌కు ఫోన్ చేయండి.

గంజి ఒక్కటే పెడితే కండ ఎలా నిలుస్తుంది? కిడ్నీ జబ్బు లేని పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. పళ్ళు లేకపోతే ఉడికించిన గుడ్డు, మెత్తటి పప్పు, పెరుగు పెట్టండి. తగ్గించాల్సింది పచ్చడి ఉప్పు.

మాత్రలు ఆపమన్నది అన్నిటికంటే ప్రమాదం. 4,744 మందితో జరిగిన డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్లో సత్తువ తగ్గినవాళ్ళకూ డపాగ్లిఫ్లోజిన్ అనే గుండె వైఫల్యం మాత్ర మేలు తగ్గలేదు. అత్తమ్మకు తల తిరుగుతోందని మేం రెండు వారాలు మాత్రలన్నీ ఆపేశాం. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. అప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన వాపు తగ్గించాక, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, ఒక్క మాత్ర డోసు తగ్గించి మిగతావన్నీ మళ్ళీ మొదలుపెట్టించారు. తల తిరగడం పోయింది.