లామార్ జాక్సన్‌ని అప్పుడే మర్చిపోయారా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ని ఆట చూసే అంచనా వేస్తారు, రంగు చూసి కాదని మీ వ్యాసంలో రాశారు, నేను అస్సలు ఒప్పుకోను. నల్లజాతి ఆటగాడు లామార్ జాక్సన్ 2016లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద అవార్డు హైస్‌మన్ గెలిచాడు, అదీ క్వార్టర్‌బ్యాక్‌గానే. అయినా 2018 డ్రాఫ్ట్ (ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ముందు బిల్ పోలియన్ అంతటి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల మాజీ జనరల్ మేనేజర్ ఇతను వైడ్ రిసీవర్‌గా (విసిరిన బంతిని పరిగెత్తి పట్టేవాడిగా) మారితే మేలన్నాడు! నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నాక, మొదటి రౌండ్‌లో చిట్టచివర 32వ వాడిగా బాల్టిమోర్ జట్టు ఇతన్ని తీసుకుంది. 2019 సీజన్‌కి అతనే ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), ఒక్క ఓటు కూడా ఇంకొకరికి పడలేదు. మరో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్‌నైతే 1978 డ్రాఫ్ట్‌లో అసలెవరూ తీసుకోలేదు, పాపం కెనడా వెళ్లి వరసగా ఐదు గ్రే కప్‌లు (అక్కడి లీగ్ చాంపియన్‌షిప్) గెలిచాడు. నలభై ఏళ్ల తర్వాత కూడా అదే అనుమానం. తెల్లవాడు బంతితో పరిగెత్తితే ఆట తెలివి, నల్లవాడు పరిగెత్తితే ఒట్టి కాళ్ల బలం అన్నట్టు మాట్లాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండిపోతుంది.