కరెంటు పోతే మాకన్నా ముందు పడుకునే ఇన్వర్టరు గారికి

మహారాజశ్రీ సోలార్ ఇన్వర్టరు గారికి,
మెట్ల కింద గోడ, వేదాయపాళెం, నెల్లూరు.

ఉభయకుశలోపరి. మీ కుశలం పచ్చలైటు చూస్తే తెలుస్తూనే ఉంది. మా సంగతి మీరెప్పుడూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మొన్న రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు పోయింది. మేడ మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు, నడినెత్తిన సూర్యుడు. ఇంతకన్నా మంచి ముహూర్తం మీకు దొరకదు. మీరేమో టక్కుమని ఓ చప్పుడు చేసి కళ్లు మూశారు. అరగంట ఓర్చుకుని అమ్మనీ పిల్లల్నీ వెంటేసుకుని ఎదురింటికి పోయాం. వాళ్లకు సోలార్ లేదు. పాత బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ ఇంటాయన చాప పరుస్తూ, "ఏందన్నా, మేడ నిండా కరెంటు పండిస్తా, మా ఇంటికి గాలికొచ్చినారే?" అన్నాడు. మా ఆవిడ నావైపు ఓ చూపు చూసింది. అది ఎన్ని వాట్లో మీ డిస్‌ప్లే చూపించదు.

బ్యాటరీ వద్దనుకున్నది నేనే, ఒప్పుకుంటాను. అది పెడితే ఖర్చు పెరుగుతుంది, కొన్నేళ్లకు మళ్లీ మార్చాలి. "గ్రిడ్డే, అంటే వీధి లైనే, మీ బ్యాటరీ సార్" అన్నాడు బిగించిన కుర్రాడు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. వేసవిలో మా వాడకం నెలకు 450 యూనిట్లు. ఇక్కడ 225 దాటిన యూనిట్ 8.75, 400 దాటితే 9.75. మీరు రోజుకు పన్నెండు యూనిట్లు పండిస్తే ముందు ఎగిరిపోయేవి ఆ ఖరీదైన యూనిట్లే. మిగిలే తొంభైకి చిల్లర కట్టినట్టే. ఆ లెక్క దగ్గర మీరు నిజాయితీపరులు. పేచీ మిగతా వాటితోనే.

మీరొచ్చిన కొత్తలో, ఎండ ఉన్నప్పుడే వాడుకోవాలని ఎవరో అంటే విని, ఇంటి పంచాంగం మొత్తం మార్చేశాను. పదింటికి మోటరు, అది ఆగాక ఇస్త్రీ పెట్టె, అది తీశాక వాషింగ్ మిషన్. ఏ రెండైనా ఒకేసారి వేస్తే స్తంభం నుంచి లాగుతుందని కాగితం మీద ముహూర్తాలు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. సాయంత్రం రుబ్బే ఇడ్లీ పిండి పదకొండింటికి రుబ్బించాను. ఆ ఎండకు పొద్దుగూకకముందే పిండి పొంగి, మూత నెట్టుకుని, గట్టు మీదుగా కారి గ్యాస్ స్టవ్ కాళ్ల దాకా వచ్చింది. రాత్రి ఇడ్లీలు పుల్లగా ఉన్నాయని అమ్మ అంటే, "కరెంటు మాత్రం ఫ్రీ అత్తా" అంది మా ఆవిడ.

రెండు నెలలయ్యాక రీడింగ్ తీసే అబ్బాయి ఆ కాగితం చదివి నవ్వాడు. "నెట్ మీటరుంది కదన్నా, పగలు పంపిన యూనిట్‌కి రాత్రి తీసుకున్న యూనిట్ చెల్లు. ఎప్పుడు వాడినా అంతే" అన్నాడు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూసి పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు చూడండి. అక్కడ రొట్టె పట్టుకున్నవాళ్లు కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె వదులుతారు. ఇక్కడ పగలు వదిలి రాత్రి పట్టుకుంటాం. ఇచ్చేదానికో రేటు, తీసుకునేదానికో రేటు ఉన్నచోట అయితే పగలు వాడుకోవడమే లాభమట. మాకు ఆ బాధ లేదు. ఆ సాయంత్రమే మా ఆవిడ కాగితం చించేసింది.

అంతటితో మీరు ఊరుకుంటే బాగుండేది. వారం తిరక్కుండానే మధ్యాహ్నం ఎర్రలైటు, 'ఓవర్ వోల్టేజ్'. ఆ వేళకు వీధిలో వాడకం తక్కువ, ప్యానెళ్లున్న నాలుగిళ్లూ ఒకే తీగలోకి తోస్తున్నాయి. వోల్టేజీ 250 దాటి పైకి పోతే మీరు లైనుకు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటారు. ఆ టైంలో మన మోటరు వేస్తే కాస్త దిగుతుంది, మీరు మళ్లీ లేస్తారు. "అంటే మళ్లీ పగలేనా మోటరు?" అంది మా ఆవిడ. పిండి మాత్రం సాయంత్రమే, అది తేలిపోయింది.

మే నెలలో రికార్డు బద్దలవుతుందని ఎంత ఆశపడ్డానో! రోళ్లు పగిలే ఎండ కదా. మీ రికార్డు 14 యూనిట్లు, అది మార్చిలో శివరాత్రి వెళ్లాక. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల లెక్కవట. పలక వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 0.35 శాతం కోత. మే మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే పద్నాలుగు శాతం గాలికి పోయినట్టే. ఎండకు తట్టుకోలేని సోలార్‌ని నెల్లూరులో పెట్టుకున్నాను. ఇక నవంబర్‌లో వాయుగుండం పట్టిన రోజు మీరు చూపించిన రెండు యూనిట్ల ఊసెత్తను.

నీడ సంగతి ఇంకో కథ. ప్యానెళ్లు బిగించింది జూన్‌లో. అప్పుడు సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, నీళ్ల ట్యాంకు నీడ ట్యాంకు కిందే పడుంది. సంక్రాంతి నాటికి సూర్యుడు దక్షిణానికి వంగాడు, నీడ సాగి వచ్చి మూల ప్యానెల్ మీద కూర్చుంది. చాపంత నీడ, అంతే. కానీ అన్నీ ఒకే వరసలో కలిపినవి. ఒకటి కుంటితే ఆ దెబ్బ వరసకంతా తగులుతుంది. ప్లంబర్‌ని పిలిచి ట్యాంకును ఉత్తరం వైపుకు మార్పించాను. సోలార్ పెట్టేవాళ్లు నీడను సంక్రాంతికి చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

కడగడం కూడా అంతే. మొదటిసారి మిట్టమధ్యాహ్నం బోరు పైపు పట్టుకుని వెళ్లాను. మా బోరు ఉప్పు నీళ్లు. కాలే అద్దం మీద పడ్డవి పడ్డట్టే ఆరిపోయి, పలక నిండా తెల్లటి ముగ్గు. వేడి అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలినా పగులుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు తెల్లారి ఆరింటికి, కుళాయి నీళ్లు, మెత్తటి గుడ్డ.

ఇదంతా పడ్డాను కానీ ఆ మధ్యాహ్నం చాప మీద కూర్చున్న అవమానం మాత్రం పోలేదు. మీకు లైన్‌లో 230 వోల్టుల శృతి వినపడితేనే గొంతు లేస్తుంది. అందుకని ఓ ఎలక్ట్రీషియన్, చిన్న ఇన్వర్టరుతో మీకు దొంగ శృతి వినిపించి నడిపిద్దామన్నాడు. ఉత్తరం కాబట్టి దాచను. సరేనన్నాను. ఆదివారం రమ్మన్నాను.

శుక్రవారం గాలివానకు మా స్తంభం మీద తీగ తెగింది. లైన్‌మ్యాన్ నిచ్చెన ఆనించి, ఎక్కబోతూ ఆగి, "అన్నా, మీ సోలార్ ఆగిందా?" అని అడిగాడు. చీకటిగా ఉన్న మీ మొహం చూపించాను. ఎక్కాడు. మా ఇంటికొచ్చే తీగను, మీరు కరెంటు తోసే ఆ తీగనే, చేత్తో పట్టుకుని మెలి తిప్పుతున్నాడు. ఎండ అప్పుడే మబ్బు చీల్చుకుని పేలుతోంది. నేను కింద నిలబడి ఒకసారి ప్యానెళ్ల వైపు, ఒకసారి ఆ చేతి వైపు చూస్తున్నాను.

దిగాక మజ్జిగ ఇచ్చాం. కరెంటొచ్చింది. మీరు మాత్రం వెంటనే లేవలేదు. లైను నిలకడగా ఉందా లేదా అని మీ పద్ధతిలో మీరు చూసుకుని, అప్పుడు టక్కుమన్నారు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి ఆదివారం వద్దన్నాను. ఎదురింటాయనకు చెప్పి మా చాప కూడా ఒకటి అక్కడే ఉంచేశాం.

ఇట్లు,
మీ జీతం లేని పనివాడు

తా.క.: ఆదివారం ఖాళీ అయింది కాబట్టి ఆరింటికి కడగడానికి వస్తాను. ట్యాంకు మారినప్పటి నుంచి పావురాలు మూల ప్యానెల్ మీద కాపురం పెట్టాయి. వాటికి నీడ ఎందుకు తీసేశామో నేను చెప్పలేను, మీరే చెప్పుకోండి.