మైకు ధర తర్వాత, ముందు దాని కరెంటు సంగతి అడగండి

ఊళ్లలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడానికి వెళ్లే పరిశోధక విద్యార్థులు ప్రశ్నావళి మీద నెలల తరబడి తర్జనభర్జన పడతారు, మైకు గురించి మాత్రం ఊరికి బయలుదేరే ముందురోజు ఆలోచిస్తారు. వాళ్లను తప్పుపట్టను, ఆ సంగతి నేర్పేవారే అరుదు. కానీ ఎనభై ఏళ్లు దాటిన నేత కార్మికుడు తన మగ్గం కథను అంత మనసు విప్పి మళ్లీ చెప్పకపోవచ్చు. ఆ మాటలు ఫ్యాను హోరులో కలిసిపోతే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని పూర్తిగా వెనక్కి తేలేదు.

దుకాణంలో అందరూ ధర అడుగుతారు. అంతకన్నా ముందు, ఆ మైకు దేనితో పనిచేస్తుందో అడగాలి. స్టూడియో కండెన్సర్ మైకులకు సాధారణంగా 48 వోల్టుల ఫ్యాంటమ్ పవర్, అంటే మైకు తీగ గుండానే అందే కరెంటు, కావాలి. దాన్ని రికార్డరు తన బ్యాటరీల నుంచే తీసి ఇవ్వాలి కాబట్టి అవి త్వరగా అయిపోతాయి. చాలా చిన్న రికార్డర్లకు ఆ సదుపాయమే ఉండదు. వాటి 3.5 మిల్లీమీటర్ల జాక్ ఇచ్చేది రెండు మూడు వోల్టులే. సభల్లో చేత్తో పట్టుకునే లాంటి డైనమిక్ మైకుకు ఏ కరెంటూ అక్కర్లేదు గానీ, దాన్ని పెద్దాయన నోటి దగ్గర పట్టుకుంటే ఆయన మాట బిగుసుకుపోతుంది.

నేను గట్టిగా చెప్పేది, చొక్కాకో పైటకో తగిలించే వైరున్న కాలర్ మైకు కొనమనే. నోటికీ మైకుకూ దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలోని హోరు మాత్రం అంతే ఉంటుంది. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ రూపొందించిన ఎలెక్ట్రెట్ మైకు (విద్యుదావేశాన్ని తనలోనే నిలుపుకునే పొర ఉన్న మైకు) పుణ్యమా అని ఇంత చిన్న వస్తువు ఆ రెండు మూడు వోల్టులతోనే పనిచేస్తోంది. ప్లగ్ మాత్రం చూసి కొనండి. దాని మీద మూడు నల్లగీతలుంటే అది ఫోనుకు, రెండుంటే రికార్డరుకు. వైర్‌లెస్ మంచిదే, కానీ ఛార్జింగ్ పెట్టాల్సినవి పెరుగుతాయి.

కొన్ని కాలర్ మైకుల్లో బటన్ సెల్ ఉంటుంది. అది నీరసించిందని హెచ్చరించే దీపం చాలావాటికి ఉండదు. రికార్డరు తెర మీద అంకెలు పరుగెడుతూనే ఉంటాయి, ఫైలు పెరుగుతూనే ఉంటుంది, గొంతు మాత్రం పలచబడి దాని మీద బుస్సుమనే శబ్దం పేరుకుంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విననివాళ్లకు ఆ సంగతి ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

గైడ్లకు నా విన్నపం ఒకటే. ఫ్యాను తిరుగుతున్న గదిలో, విద్యార్థి వెంట తీసుకెళ్లే మైకుతో, అవే సెల్లులతో చేసిన పది నిమిషాల రికార్డింగ్ విన్నాకే ఊరికి పంపండి. ప్రాజెక్టు బడ్జెట్‌లో ప్రయాణ ఖర్చుల పక్కనే మైకుకూ అదనపు సెల్లులకూ డబ్బు రాయించండి.