ఎనిమిది మందికి మించరాదు

దేవుడు లేకపోతే నీతి ఎక్కణ్ణుంచి వస్తుందనే చర్చ కింద హాల్లో ముగిసింది. భోజనాలు ఏడో అంతస్తులో. తొమ్మిది మందిమి లిఫ్టెక్కాం. కుయ్యిమంటూ ఓవర్‌లోడ్ అలారం మొదలైంది. ఒకరు దిగితే తప్ప తలుపు మూసుకోదు.

ఎవరూ దిగలేదు. అందరం తలలెత్తి, అంతస్తుల నంబర్ల వైపు మహా శ్రద్ధగా చూశాం.

"చివర ఎక్కినవాళ్లు దిగడం ధర్మం," అన్నారు అందరికంటే ముందు ఎక్కిన పెద్దాయన. (ధర్మం ఎప్పుడూ ముందు ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.)

"అలాగని ఎవరు చెప్పారండీ?" అన్నాడు చివర ఎక్కిన గళ్లచొక్కా.

"దేవుడు."

"మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా, దేవుడు చెప్పాడు కాబట్టి మంచిదైందా?"

సుమారు 2,400 ఏళ్ల కిందట ఏథెన్స్‌లో సోక్రటీస్ కూడా యూతిఫ్రో అనే మత పండితుణ్ణి సరిగ్గా ఇక్కడే ఇరికించాడు. మొదటిది ఒప్పుకుంటే నీతి దేవుడికి కూడా పైనున్నట్టు. రెండోది ఒప్పుకుంటే, రేపాయన దొంగతనం చెయ్యమన్నా అదీ పుణ్యమై కూర్చుంటుంది. యూతిఫ్రో చివరికి తొందర పనుందని చెప్పి జారుకున్నాడు. మాలో అంతటి బుద్ధిమంతుడు లేడు, తలుపు బార్లా తెరిచే ఉన్నా.

"రెండూ కాదు నాయనా. ఆయన స్వభావమే మంచితనం," అని సర్దుకున్నారు పెద్దాయన.

"ఆ స్వభావం మంచిదని దేంతో కొలిచారు?"

కుయ్యి.

"తాను ఎత్తలేనంత బరువైన రాయిని దేవుడు సృష్టించగలడా?" అని వెనకనుంచి ఎవరో పాత చిక్కుముడి విసిరారు. బరువు మాట వినగానే చూపులన్నీ మూలనున్న భారీకాయుడి మీదికి మళ్లాయి. ఆయన తొణక్కుండా, "సాధ్యమైన లోకాలన్నిట్లోకీ ఇదే మేలైనదని 1710లోనే జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ రాసేశాడండీ, దీన్ని మార్చకూడదు," అంటూ గోడకి ఇంకాస్త ఆనుకున్నారు.

అంతదాకా ఓపిక పట్టిన ఒకావిడ గొంతు సవరించుకుంది. "దేవుణ్ణి కాసేపు పక్కన పెట్టండి. అందరూ పాటించాలని మీరు కోరుకోగల నియమం ప్రకారమే నడుచుకోండి. 1785లో తత్వవేత్త కాంట్ చెప్పిందదే. 'తోటివాళ్ల కోసం నేను దిగుతాను' అని ప్రతి ఒక్కరూ అనుకోవాలి!"

మాట సూటిగా తగిలింది. ఆస్తికుడు, నాస్తికుడు, భారీకాయుడు, నేను, ఆవిడతో సహా తొమ్మిది మందిమీ ఒక్క ఉదుటున దిగేశాం. అలారం ఆగింది.

"మీరు ఎక్కండి", "అబ్బే, ముందు మీరు" అని మేం ఒకరినొకరు బతిమాలుకుంటుంటే, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడొకడు మా మధ్యలోంచి దూరి లోపలికెళ్లి, ఏడో నంబరు నొక్కాడు.