చేపను అడిగి ఎర చేస్తామా?

ఈ దేశంలో నిపుణుల సంఘం వేయని విషయం ఒకటి మిగిలి ఉందంటే, అది గాలానికి కట్టే దొంగ ఎరను దేనితో చేయాలన్నదే. రోడ్ల మీద గుంతలకు సంఘం ఉంది. ఆ సంఘం నివేదిక ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి ఇంకో సంఘం ఉంది. ఇంట్లో కూర్చుని చెక్కతోనో రబ్బరుతోనో చేపను మోసగించే పరికరం చేసుకునే పౌరుడికి మాత్రం మార్గదర్శకాలు లేవు. ఆ లోటు తీర్చడానికే ఈ నివేదిక.

మొదటి నిబంధన: ఎర చేపకు నచ్చాలన్న ఆలోచనను వదిలేయాలి. లబ్ధిదారుణ్ని అడిగి పథకం రాసే సంప్రదాయం మనకు లేదు. చేపతో ఆ అలవాటు మొదలుపెడితే రేపు మనుషులు కూడా అడుగుతారు.

ఇక చెక్క. నగరాల్లో ఈ వ్యాపకం అంటుకున్నవారు ముందుగా బాల్సా చెక్క తెప్పించుకుంటారు. అది ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. అంత దూరం ప్రయాణం చేసిన చెక్క అయితేనే మన కొరమీను గౌరవిస్తుందని వారి నమ్మకం. తెల్ల పొనికి అనే తేలికైన చెక్క మన దగ్గరే ఉందని, కొండపల్లిలోనూ నిర్మల్‌లోనూ తరతరాలుగా బొమ్మలు చేసేది దానితోనేనని చెబితే, "అది బొమ్మల చెక్క కదండీ" అంటారు. ఎర మాత్రం ఏమిటి, చేప బొమ్మే కదా! కొండపల్లిలో దశావతారాల వరుస చేస్తే మొదట నిలబడేది మత్స్యమే. ఒకే చెక్కతో చేసిన చేప ఒక ఇంట్లో పూజగదిలో కూర్చుని, పక్కింట్లో కొక్కెం తగిలించుకుని చెరువులో దూకితే వచ్చిన నష్టమేమీ లేదు. చిక్కల్లా పొనికి సరిగ్గా దొరక్క బొమ్మలు చేసేవారే అవస్థ పడుతున్నారు. కాబట్టి మన అడవి మీద దయతో బాల్సా వాడుతున్నామని చెప్పుకోవచ్చు. ఈక్వెడార్ అడవి మన నియోజకవర్గంలోకి రాదు.

ఫిన్లాండ్‌లో లౌరి రపాల అనే ఆయన 1936లో ఈ పనికి ఒక చెడ్డ ఉదాహరణ నెలకొల్పాడు. కార్కు బెండును చేప ఆకారంలో చెక్కాడు. మెరుపు కోసం చాక్లెట్ల మీది రేకు చుట్టాడు. పూతకు ఫోటో నెగటివులు కరిగించి వాడాడు. అన్నీ పారేసే వస్తువులే. చేపలు పట్టి బతికే మనిషి కనుక అంతకు మించి ఆలోచించే తీరిక ఆయనకు లేకపోయింది. ఆ లోపాన్ని మనవాళ్లు సరిదిద్దారు. రేకు కావాలని చాక్లెట్లు కొంటారు. నెగటివుల కోసం తాతగారి పెళ్లి ఫోటోల కవరు వైపు చూస్తారు. వద్దు. పాత ఫిల్ముల్లో కొన్ని భగ్గున అంటుకునే రకాలు. పైగా అత్తగారు ఆ కవరు ఎక్కడుందో మరిచిపోయే మనిషి కాదు. గోళ్ల రంగు సీసా ఒకటి తెచ్చుకుంటే పూతా అవుతుంది, రంగూ అవుతుంది. ఆ సీసా సొంతంగా కొన్నదై ఉండటం గృహశాంతికి మేలు.

రంగుల దగ్గర మనవారి శ్రద్ధ చూసి తీరాలి. చెక్క చేపకు దోమతెర ముక్కను బిగించి చుట్టి, పైనుంచి రంగు చల్లుతారు. తెర విప్పగానే పొలుసులు వరుసలుగా అచ్చుపడతాయి. తర్వాత మొప్పల దగ్గర ఎర్రటి గీత. ఆ ఒక్క గీత కోసం ఊపిరి బిగబట్టి, సన్నని కుంచె పట్టుకుని, ఇంట్లో ఎవరూ నడవకూడదని ఆజ్ఞ జారీ చేస్తారు. నీళ్లలో మొదట ఇంకిపోయేది ఎరుపే. కొన్ని మీటర్లు దిగేసరికి ఆ గీత నల్లబడి కూర్చుంటుంది. మన చెరువుల్లో అయితే వానాకాలం బురదనీటికి అంత లోతు కూడా అక్కర్లేదు. చేపకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీటి కదలికను అది దానితో పసిగడుతుంది. అంటే పనికొచ్చేది ఎర ఊగే తీరు. ఆ ఊపు వచ్చేది మూతి కింద బిగించే చిన్న ప్లాస్టిక్ రెక్క వల్ల. నిలువుగా పెడితే ఎర పైపైన ఈదుతుంది, ముందుకు చాచి పెడితే లోతుకు దిగుతుంది. పాత సీడీ కత్తిరిస్తే ఆ రెక్క ఉచితం. ఉచితం కనుక దాని గురించి ఎవరూ మాట్లాడరు. పొలుసులకు రెండు సాయంత్రాలు, రెక్కకు రెండు నిమిషాలు. ఫోటోలో పడేవి పొలుసులే మరి.

బరువుకు సీసం వాడతారు. విసురు వల అంచున ఉండే గుళ్లు అవే. సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి వంటింటి పొయ్యి చాలని కొందరు ధీరులు గరిటెతో రంగంలోకి దిగుతారు. ఆ పొగ ఒంటికి మంచిది కాదు. ఆ గరిటె మళ్లీ పప్పుగిన్నెలోకి వెళ్లకూడదు. హంసలు సీసపు గుళ్లు మింగి చస్తున్నాయని ఇంగ్లండ్‌లో 1987లో చిన్న సీసపు బరువుల అమ్మకం ఆపేశారు. మన చెరువుల్లో హంసలు లేవు కనుక మనకు సమస్య లేదని తీర్మానించడమైనది. బాతులు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈకల విషయంలో మనిషికి మతి పోయి చాలాకాలమైంది. సుమారు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలరుల పద్ధతి రాసిపెట్టాడు: కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టడం. చేపలు పడ్డాయి, కథ ముగిసింది. ముగిసిందని విక్టోరియా రాణి కాలపు దొరలు ఒప్పుకోలేదు. సాల్మన్ చేప కోసం దక్షిణ అమెరికా పక్షుల ఈకలు, మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలు తెప్పించుకుని కట్టారు. ఆ పక్షుల్లో ఒక్కదాన్నీ సాల్మన్ పుట్టి ఎరగదు. ఆ పిచ్చి ఇంకా తగ్గలేదు. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో దొంగతనం జరిగి 299 పక్షి చర్మాలు పోయాయి. చేసినవాడు వేణువు నేర్చుకుంటున్న సంగీత విద్యార్థి. ఈకలకు గిరాకీ ఉన్నది ఇలాంటి ఎరలు కట్టేవారి దగ్గరే. వాటిలో చాలా ఎరలకు నీళ్లు తాకే యోగం కూడా ఉండదు, అద్దాల పెట్టెలో ఉంటాయి. మన పౌరుడు వీధి చివర కోళ్ల దుకాణంలో అడిగితే సంచెడు ఈకలు ఊరికే ఇచ్చి, తీసుకెళ్లినందుకు సంతోషిస్తారు. అడవికోడి జోలికి వెళితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. అప్పుడు పట్టుబడేది చేప కాదు.

అసలు ఎవరి కోసం చేస్తున్నామో ఒకసారి చూడటం కూడా విధాయకం. కట్ల, రోహు వేటాడే చేపలు కావు, చెక్క చేపను చూసి దారి ఇచ్చి వెళ్తాయి. వాటికి తవుడు ముద్ద చాలు. పులసను పట్టేది వలతో. మిగిలింది కొరమీను, వాలుగ, ఉప్పునీటి దగ్గర పండుగప్ప. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప, దానికి హోదాకు తగిన ఎర ఉండాలి. ఉన్నది హవాయి చెప్పు. అరిగిన చెప్పు మడమ దగ్గర బొటనవేలంత ముక్క కోసి, ముందు కొస సన్నగా చెక్కి, వెనక రబ్బరు పీలికలు రెండు కాళ్లుగా దూర్చి, కొక్కేలు రెండూ వీపు మీద పైకి తిరిగేలా అమరిస్తే కప్ప సిద్ధం. గుర్రపుడెక్క మీద నుంచి లాగినా చిక్కుకోదు. ఆకుల మధ్య ఖాళీలో అది టపటపలాడితే కొరమీను కింద నుంచి లేచి అందుకుంటుంది. బాల్సా సంఘం సభ్యులు దీన్ని తమ సమావేశాల్లో ప్రస్తావించరు.

పిల్లలను వెంటేసుకుని తిరిగే రోజుల్లో అయితే కొరమీనుకు ఈ చర్చ అంతా అనవసరం. ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద కుతకుతలాడుతూ కదులుతుంటే, తల్లీతండ్రీ ఆ కిందనే కాపలా కాస్తుంటాయి. అప్పుడు ఆ వైపు ఏది వచ్చి పడినా మీద పడి కరుస్తాయి. ఆకలికి కాదు, పిల్లల దగ్గరికి ఎవడో వచ్చాడని. పొనికా, బాల్సానా, చెప్పు ముక్కా అని చూడవు. వాటిని ఎత్తి బుట్టలో వేస్తే ఆ గుంపును కాసేపట్లో మిగతా చేపలు తినేస్తాయి. అలా పట్టినవాడు కూడా ఎర అద్భుతంగా పనిచేసిందని, రంగు బాగా కుదిరిందని చెప్పుకుంటాడు. ఆ ఫలితాన్ని ఈ నివేదికలో లెక్కలోకి తీసుకోలేదు.

ఉపసంఘంలో కొరమీనుకు ఒక సభ్యత్వం ఇవ్వాలని కొందరు అడుగుతున్నారు. ఇవ్వడం కుదరదు. అభ్యంతరం లేదని సంతకం మాత్రం తీసుకోవచ్చు. ఎలాగూ గాలి పీల్చడానికి అప్పుడప్పుడు పైకి వస్తుంది కనుక, కాగితం పట్టుకుని గట్టున ఒక గుమాస్తాను కూర్చోబెడితే సరిపోతుంది.