బ్రిటన్‌ను దాటేశామన్న సందేశానికి జవాబు

మా సోంపేట బంధువుల వాట్సాప్ గ్రూపులో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మస్కట్‌లో వెల్డింగు పని చేసే మా మేనల్లుడు దాన్ని నాకు విడిగా కూడా పంపి, ‘ఇందులో ఎంతవరకు నిజం మావయ్యా’ అని అడిగాడు. సందేశంలోని వాదన ఇది: మన ఆర్థిక వ్యవస్థ బ్రిటన్‌ను దాటింది కాబట్టి మన బతుకూ వాళ్ల బతుకును దాటినట్టే, ధరలు చవక కాబట్టి మన తలసరి ఆదాయం తక్కువగా కనబడడం ఉత్త భ్రమ, దివాలా తీసిన శ్రీలంకను మనకంటే పైన, పాకిస్తాన్‌ను మనకంటే సంతోషంగా చూపించే సూచీలన్నీ పాశ్చాత్యుల బూటకం, అసలు చోడంబలి (రాగి అంబలి) తాగిన మన తాతలు తొంభై ఏళ్లు బతికారు కాబట్టి ఆయుర్దాయం లెక్కలతో మనకు పని లేదు.

మొదటి మాటలో ఉన్న అంకె నిజమే, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. మొత్తం జీడీపీలో, అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల విలువలో, మనం 2022 నాటికి బ్రిటన్‌ను దాటాం. అయితే మన జనాభా సుమారు 145 కోట్లు, వాళ్లది ఏడు కోట్ల లోపు. ఇరవై ఒక్కమంది ఉన్న ఉమ్మడి కుటుంబం సంపాదన అంతా కలిపితే పక్కింట్లో ఒంటరిగా ఉన్న మనిషి సంపాదన కంటే కాస్త ఎక్కువ వచ్చిందనుకోండి, ఆ ఇరవై ఒక్కమందీ పక్కింటాయన తిన్నట్టే తింటున్నారని ఎవరైనా అంటారా? 2024లో మన తలసరి జీడీపీ సుమారు 2,700 డాలర్లు, బ్రిటన్‌ది 50,000 డాలర్ల పైన. దేశం పరిమాణం సైన్యానికీ, వాణిజ్య ఒప్పందాలకూ, అంతర్జాతీయ సభలో కుర్చీకీ పనికొస్తుంది. దానితో ఒక మనిషి బతుకును కొలవలేము.

రెండో మాట మిగతావాటి కంటే గట్టిది, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. డాలరును మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి పోల్చడం అన్యాయమన్నది అర్థశాస్త్రవేత్తలు ఎప్పుడో ఒప్పుకున్న సంగతి. సోంపేటలో నేను వంద రూపాయలకు క్షవరం చేయించుకుంటాను. లండన్‌లో అదే పనికి పదిహేను, ఇరవై పౌండ్లు అడుగుతారు. ఈ తేడాను సరిచేయడానికే ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దేశదేశాల ధరలు సేకరించి కొనుగోలు శక్తి లెక్క కడతారు. 2017 సేకరణ ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకులూ సేవలూ ఇక్కడ సగటున 20 రూపాయల 65 పైసలకు వచ్చాయి, అప్పటి మారకపు రేటేమో 65 రూపాయలు. అంటే సందేశం రాసినాయన చెప్పిన చవక నిజంగా ఉంది. కానీ ఆ సవరణ చేశాక కూడా బ్రిటన్ తలసరి ఆదాయం మన దానికి అయిదారు రెట్లు ఉంటుంది. ఈ కొలతలో మనం ప్రపంచంలో మూడో స్థానమని సందేశం గర్వంగా చెప్పుకున్నది మళ్లీ మొత్తం జీడీపీ గురించే, అంటే పాత పొరపాటుకే కొత్త చొక్కా తొడిగారు.

ఇంకొక చిక్కు ఉంది. చవకగా దొరికేవన్నీ మనుషుల చేతి పనులు: క్షవరం, ఇస్త్రీ, ఆటో, తాపీ పని. పెట్రోలు, ఫోను, బంగారం, యంత్రం ఎక్కడైనా ప్రపంచపు ధరే, పైగా వాటి మీద మన పన్నులు. నాకు వంద రూపాయలకే క్షవరం అయిందంటే దానర్థం ఆ మంగలి గంట కష్టం విలువ తక్కువని. నాకు మిగిలింది అతనికి రావలసిన డబ్బే. దాన్ని ఇద్దరి బతుకూ బాగుందనడానికి రుజువుగా చూపడం నాకు మింగుడుపడదు.

ఇక బూటకం సంగతి. సందేశం రెండు వేర్వేరు కొలతలను ఒక్క గాటన కట్టేసింది. సంతోషపు జాబితా మనుషుల అభిప్రాయం మీద నడుస్తుంది: సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకుని మీ జీవితం ఇప్పుడు ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పమని దేశానికి ఏటా సుమారు వెయ్యి మందిని అడిగి, మూడేళ్ల సగటు తీస్తారు. 2025 నివేదికలో 147 దేశాల్లో పాకిస్తాన్ 109, మనం 118. ఈ జాబితా మీద నాకూ అనుమానాలున్నాయి. మా వీధిలో జీడిపప్పు ఒలిచే పెద్దావిడను బతుకెలా ఉందని అడిగితే ‘ఏటో బాబూ, అలాగ గడిచిపోతంది’ అంటుంది. ఆ మాటకు నాలుగు మార్కులు వెయ్యాలా, ఏడు వెయ్యాలా? దిష్టి తగులుతుందని బాగున్నామని పైకి చెప్పుకోని చోట ఒక జవాబు వస్తుంది, బాగున్నామని చెప్పుకోవడమే మర్యాద అయిన చోట ఇంకో జవాబు వస్తుంది.

రెండోది ఐక్యరాజ్యసమితి వారి మానవాభివృద్ధి సూచీ, అది ఎవరి అభిప్రాయమూ అడగదు. ఆయుర్దాయం, పెద్దవాళ్లు చదువుకున్న ఏళ్లు, పిల్లలు చదువుకోగల ఏళ్లు, కొనుగోలు శక్తి ప్రకారం తలసరి ఆదాయం, ఇవే దాని ముడిసరుకు. మన ఆయుర్దాయం అంచనాలకు ఆధారం కూడా ప్రధానంగా మన జనగణన, మన నమూనా నమోదు సర్వేలే. 1990లో దీన్ని తెచ్చినవాడు మహబూబుల్ హక్ అనే పాకిస్తానీ అర్థశాస్త్రవేత్త, పక్కన ఉండి సాయం చేసినవాడు మన అమర్త్య సేన్. బతుకునంతా ఒక్క అంకెలో కుదించడం సేన్‌కు మొదట ఇష్టం లేదు. జీడీపీని గద్దె దించాలంటే అంత మొరటుదే అయినా మనుషుల పట్ల అంత గుడ్డిది కాని అంకె ఒకటి కావాలని హక్ ఆయన్ను ఒప్పించాడు. పాకిస్తానీ చేతిలో పుట్టిన ఈ సూచీ 2025 నివేదికలో 193 దేశాల్లో పాకిస్తాన్‌ను 168వ స్థానంలో, మనల్ని 130లో నిలబెట్టింది. మనల్ని చిన్నబుచ్చడానికే పన్నిన కుట్ర అయితే ఇంత చేతకాని కుట్ర ఇంకెక్కడా ఉండదు.

అదే సూచీలో శ్రీలంక 89వ స్థానంలో ఉండడం వింత కాదు. 2022లో ఆ దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, పెట్రోలు కోసం జనం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు, అది నిజం. కానీ అక్కడి పెద్దవాళ్లు సగటున పదేళ్లకు పైగా చదువుకున్నవాళ్లు, మన సగటు 6.9 ఏళ్లు. ఒక ఏడాది సంక్షోభం వచ్చిందని పెద్దవాళ్లు చదువుకున్న చదువు పోదు. ఆ వరుసల కష్టం సూచీకి కనబడకపోవడం దాని లోపమే, అయితే అది అబద్ధం చెప్పడం కిందికి రాదు.

తాతల మాట అందరికీ తీపిగా ఉంటుంది. మా తాత కూడా చోడంబలి తాగి ఎనభై ఏడేళ్లు బతికాడు. ఆయన తోబుట్టువులు ఎనమండుగురిలో పెళ్లీడుకు వచ్చింది ముగ్గురే అన్న సంగతి మాత్రం ఆ కథ చెప్పేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు, ఇప్పుడు 72. అప్పట్లో అందరూ ముప్పైల్లో పోయేవారని దాని అర్థం కాదు, పురిటి గదిలోనూ ఉయ్యాలలోనూ పోయినవాళ్లు సగటును కిందికి లాగేశారు. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు 1971లో 129 మంది, 2022లో 26 మంది. బతికి తొంభై చూసినవాళ్లను మాత్రమే లెక్కపెడితే ఏ కాలమైనా బంగారు కాలమే అవుతుంది.

సూచీల తరఫున ఇంత వాదించాక వాటి అసలు గుడ్డితనం కూడా చెప్పాలి. మాకు దగ్గర్లోనే ఉన్న కవిటి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, మొత్తం ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఇంటింటా ఉంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే కొబ్బరి తోట కూలీ బతికున్నంత కాలం ఆయుర్దాయం లెక్కలో ఆరోగ్యవంతుడితో సమానమే. తోటి మనిషిని తోడు తీసుకుని బస్సెక్కే రోజులూ, ఆ ఇద్దరూ పోగొట్టుకునే కూలీ ఆ లెక్కలోకి రావు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా బతికే ఏళ్లను వేరే లెక్క కడుతుంది. మన విషయంలో అది మామూలు ఆయుర్దాయం కంటే సుమారు పదేళ్లు తక్కువ. మానవాభివృద్ధి సూచీలో అసమానతను కూడా కలిపితే మన విలువలో 30 శాతానికి పైగా కోత పడుతుంది. సందేశం రాసినాయన కోపం దీని మీదికి మళ్లి ఉంటే నేనూ గొంతు కలిపేవాణ్ణి.

ఇదంతా రాసి పంపితే మేనల్లుడు తిరిగి ఒకే ప్రశ్న వేశాడు: ‘మరి నా సంపాదన ఏ దేశం లెక్కలోకి వస్తుంది మావయ్యా?’ పని అక్కడ చేస్తున్నాడు కాబట్టి వాడి జీతం ఒమన్ జీడీపీలోకే వెళ్తుంది. వాడు ఇంటికి పంపే డబ్బు మన జీడీపీలోకి రాదు, అక్కడ ఏడాదికి మించి ఉంటున్నాడు కాబట్టి మానవాభివృద్ధి సూచీ వాడే జాతీయాదాయంలోకీ రాదు. ఆ డబ్బుతో మా అక్క కట్టిస్తున్న మేడకు తాపీ మేస్త్రి తీసుకునే కూలీ మాత్రం వస్తుంది.